కిటికీ బల్ల ఉద్యోగం

మా బావ ఏం ఉద్యోగం చేస్తాడని ఎవరైనా అడిగితే నేను మాట మార్చేస్తాను. చెప్తే ముందు నమ్మరు. నమ్మాక నవ్వుతారు. మావాళ్ళని చూసి బయటివాళ్ళు నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వాల్సినదంతా నేను ఇంట్లోనే నవ్వేస్తున్నాను, పైవాళ్ళ సాయం అక్కర్లేదు. సరే, నోరు విప్పాను కాబట్టి చెప్పేస్తాను. మా బావ వారానికి ఆరు రోజులు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా, ఒక హోటల్ కాఫీ షాపులో కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగుతాడు. అదే ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం కూడా ఇస్తారు.

ఆ ఉద్యోగం వేయించింది నేనే. కాబట్టి తర్వాత జరిగినదానికి సగం పాపం నాది.

మా హోటల్లో పైన నాలుగు అంతస్తులు గదులు, కింద కాఫీ షాపు. పదకొండేళ్ళుగా ఆ కాఫీ షాపు తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టి, బల్ల చూపించి, మెనూ కార్డు చేతికివ్వడం నా పని. మొత్తం పద్నాలుగు బల్లలు. రెండేళ్ళ క్రితం ఓనరుగారికి సరదా పుట్టి వీధి వైపు గోడ పడగొట్టించి, పైనుంచి కిందిదాకా అద్దం పెట్టించాడు. అక్కడితో మా కొంప మునిగింది. గోడ ఉన్నన్నాళ్ళు లోపల జనం ఉన్నారో లేరో ఎవరికీ తెలిసేది కాదు, ధైర్యంగా వచ్చేవాళ్ళు. ఇప్పుడు వచ్చినవాళ్ళు మెట్ల మీద ఆగి లోపలికి చూస్తారు. పద్నాలుగు ఖాళీ బల్లలు, పద్నాలుగు పంచదార డబ్బాలు, మధ్యలో పళ్ళు ఇకిలిస్తూ నేను. చూసి, ఎదురుగా ఉన్న హోటలుకి పోతారు. అక్కడ కూర్చోడానికి చోటుండదు, అయినా అక్కడికే పోతారు.

మా మేనేజరు బక్కపలచని మనిషి. చేతిలో పెన్ను టిక్కుటిక్కుమనిపిస్తూ ఉంటాడు. ఒకరోజు నన్ను పిలిచి, "ఎవరో ఒకరు ముందు కూర్చోవాలమ్మా. మనిషి కనిపిస్తేనే మనిషి వస్తాడు. పెద్దమనిషి తరహాగా ఉండి, రోజూ మూడు గంటలు కదలకుండా కూర్చునేవాళ్ళు మీకెవరైనా తెలుసా?" అన్నాడు.

నాకు వెంటనే మా బావ గుర్తొచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరు. రిటైరై రెండేళ్ళయింది. ఇంట్లో కుర్చీలుండగా కూర్చోడు, వంటగది గుమ్మం పట్టుకుని నిలబడతాడు. మా అక్క ఎటు తిరిగినా ఈయన అడ్డం. "ఎక్కడికైనా తీసుకుపోవే తల్లీ ఈ మనిషిని, నీకు పుణ్యముంటుంది," అని మా అక్క రోజూ నా ప్రాణం తీస్తోంది. పైగా ఆయన నోట్లోంచి మాట ఊడిపడదు. రహస్యం దాచడానికి అంతకన్నా మంచి మనిషి ఈ ఊళ్ళో దొరకడు.

రహస్యం ఎందుకంటే, అదే మేనేజరు పెట్టిన షరతు. కూర్చోడానికి మనుషుల్ని పెట్టుకున్నామని బయటికి పొక్కిందంటే వీధి వీధంతా మన మొహాన నవ్వుతుంది, కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పకూడదు అన్నాడు. బావ సరేనన్నాడు. మా అక్కతో "హోటల్లో పర్యవేక్షణ" అని చెప్పాడు. మా అక్క పొంగిపోయింది. రోజూ తెల్లచొక్కా ఇస్త్రీ చేసేది. డ్యూటీలో నీరసం వస్తుందని ఉడకబెట్టిన గుడ్లు, రొట్టె బాక్సులో పెట్టి పంపేది. కడుపునిండా తినడమే డ్యూటీ అయిన మనిషికి అది ఎక్కడ పడుతుంది? నిండు బాక్సు ఇంటికి తీసుకెళ్తే గుట్టు బయటపడుతుంది. అందుకని వంటగది వెనక నిలబడి రోజూ అది నేను తినేదాన్ని. రెండు నెలల్లో నా యూనిఫాం కుట్లు విప్పించాల్సి వచ్చింది.

మొదటి రోజు సంగతి చెప్పకపోతే పాపం. బావ సంచి చంకలో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. శాండ్‌విచ్ పెట్టాం. నాలుగు నిమిషాల్లో తినేసి, కాఫీ మూడు గుక్కల్లో తాగేసి, లేచి నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్ళు రెండు ట్రిప్పుల మధ్య సందులో తిన్న మనిషి మరి!

"ఏమ్మా, మీ బావగారికి బస్సు వెళ్ళిపోతుందని ఎవరైనా చెప్పారా?" అన్నాడు మేనేజరు.

నాకు తల కొట్టేసినంత పనైంది. మర్నాటి నుంచి నేనే నేర్పాను. ముక్క నోట్లో పెట్టుకున్నాక చెయ్యి కిందికి దించు బావా. వీధి వైపే చూడు, వెనక్కి తిరగకు, మొహం జనానికి కనపడాలి. పేపరు చదువు, కానీ మొహానికి అడ్డం పెట్టుకోకు. వారం తిరిగేసరికి ఒక్క శాండ్‌విచ్‌ని యాభై నిమిషాలు లాగడం వచ్చేసింది.

అయినా జనం రాలేదు. ఒంటరిగా కూర్చున్న మగవాణ్ణి చూస్తే, ఎవరో వస్తామని చెప్పి రాకుండా పోయారేమో అనిపిస్తుందట. అది మేనేజరు బుర్రలో పుట్టిన మాట. అందుకని ఎదురు కుర్చీలోకి ఇంకొకరిని తెచ్చాడు. రిటైరైన లెక్కల టీచరు. దిట్టమైన మనిషి, గట్టి గొంతు, పెద్ద కళ్ళజోడు. బుధవారం మనవరాలి దగ్గరికి వెళ్ళాలి, ఆ ఒక్క రోజు తప్ప మిగతా రోజులు వస్తానంది.

ఆవిడ మొదటి రోజే బావని బోర్డు దగ్గరికి పిలిచిన పిల్లాణ్ణి చేసేసింది. ఎక్కడ పుట్టారు, ఎంతమంది తోబుట్టువులు, బస్సులో మొదటి రోజు ఏం జరిగింది? జవాబు చెప్పేదాకా వదలదు. డ్యూటీ కదా అని బావ జవాబు చెప్పాడు. చెప్తూ చెప్తూ రెండో వారానికి అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. మూడో వారానికి చేతులు తిప్పుతూ, బల్ల గుద్దుతూ, పకపకా నవ్వుతూ చెప్తున్నాడు. మెట్ల మీద ఆగినవాళ్ళు ఆ నవ్వు చూసి లోపలికి రావడం మొదలైంది. నెల తిరక్కుండా పద్నాలుగు బల్లల్లో పది నిండేవి. మేనేజరు గాల్లో తేలిపోయాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి. మా అక్క ముప్పై నాలుగేళ్ళుగా ఆ మనిషితో కాపురం చేస్తోంది. ఆయన ఇంట్లో నవ్వగా నేను చూసింది రెండుసార్లు. రెండూ ఎవరో జారిపడ్డప్పుడే. ఇక్కడేమో పరాయి ఆవిడ ముందు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. తప్పేమీ లేదు, పాపం ఆ టీచరమ్మ బంగారం లాంటి మనిషి. అయినా నాకు కోపం వచ్చేది. ఆ కోపంలో రోజూ, మా అక్క ఆ బాక్సులో రెండు గుడ్లు తక్కువ పెట్టినా బాగుండేదనుకుంటూ తినేదాన్ని.

ఇలా ఉండగా బావ చేతి దురద పని చేసింది. మా అద్దానికి ఎదురుగానే బస్ స్టాపు ఉంది. బావ పనిచేసిన రూటు బస్సు కూడా అక్కడే ఆగుతుంది. ఒక సాయంత్రం ఆ బస్సు వచ్చి ఆగి, ఎంతకీ కదలదు. కొత్త కండక్టరు దిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. లోపల బావకి కాలూ చెయ్యీ ఆడలేదు. టీచరమ్మ ఏదో చెప్తోంది, ఈయన ధ్యాసంతా బస్సు మీదే. ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తి, వేళ్ళు ముందుకు విదిలించి, "రైట్ రైట్!" అన్నాడు. ఆ డ్రైవరు బావతో పన్నెండేళ్ళు తిరిగినవాడు. మా అద్దంలోంచి ఆ చెయ్యి కనపడగానే, అలవాటు కొద్దీ గేరేసి బస్సు లాగించేశాడు. కొత్త కండక్టరు సంచి పట్టుకుని పక్క స్టాపు దాకా పరిగెత్తాడు.

మా కాఫీ షాపంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. కానీ అదే డ్రైవరు మర్నాడు పొద్దున్న మా అక్కా వాళ్ళ వీధిలోంచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "వదినగారూ! నిన్న హోటల్లో మిమ్మల్నీ అన్నయ్యనీ చూశాను. మీరు వీపు తిప్పి కూర్చున్నారు గానీ, అన్నయ్య నవ్వు చూస్తే ముచ్చటేసింది. ఇలాగే ఉండండి," అన్నాడు.

మా అక్క చెంబు పట్టుకుని నిలబడిపోయిందట. తర్వాత, "అవునయ్యా, నేనే," అందట. ఆ మాట అంటానికి ఎంత ప్రాణం పోయి ఉంటుందో నాకు తెలుసు. ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆ రోజు కూడా చొక్కా ఇస్త్రీ చేసి, బాక్సు కట్టి పంపింది.

నాలుగో రోజు సాయంత్రం నాలుగున్నరకి తలుపు తోసుకుని మా అక్క లోపలికి వచ్చింది. శుభ్రంగా తల దువ్వుకుంది, చేతిలో పర్సు ఉంది. మేనేజరు పది అడుగుల దూరంలో ఉన్నాడు.

"ఒక్క మనిషికి బల్ల కావాలి," అంది నాకేసి చూడకుండా.

"అక్కా, నేను చెప్తాను విను..."

"కస్టమర్లతో ఇలాగే మాట్లాడతావా?"

కిటికీ బల్ల వెనక ఒక స్తంభం, దాని వెనక చిన్న బల్ల ఉంది. ఎవరూ కోరుకోని చోటు. మా అక్క సరిగ్గా అక్కడికే వెళ్ళి కూర్చుంది. బావ వీధి వైపు తిరిగి ఉన్నాడు, వెనక్కి తిరక్కూడదు కదా. ఆయన వీపుకీ మా అక్కకీ మధ్య మూడడుగులు కూడా లేవు.

ఆ రోజు బావ మంచి ఊపు మీదున్నాడు. నిండు బస్సులో ఒకావిడకి నొప్పులొస్తే, మగవాళ్ళందర్నీ దింపేసి, తన చొక్కా విప్పి పరిచిన సంగతి చెప్పాడు. పుట్టిన పిల్లని చేతుల్లోకి తీసుకుంటే భయమేసి ఏడ్చేశానన్నాడు. తర్వాత, కళ్ళు లేని ఒక ముసలాయన వాసన పట్టి ఏ స్టాపు వచ్చిందో తనకన్నా ముందే చెప్పేవాడని చెప్పి, ఆయనలాగా ముక్కు ఎగబీల్చి చూపించాడు. టీచరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. స్తంభం వెనక మా అక్క కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కళ్ళారా చూశాను.

కాఫీ పెట్టే వంకతో వెళ్ళి, చెవిలో అంతా చెప్పేశాను. "ఇది ఉద్యోగం అక్కా. జనానికి కనపడేలా కూర్చోవాలి, అంతే. ఆవిడా జీతానికే. బుధవారం రాదు కూడా. ఒట్టు, ఇంకేమీ లేదు."

"ఇంకేదో ఉందని నేనన్నానా?" అంది మా అక్క. కిటికీ బల్లకేసి చూస్తూ, "ఇవన్నీ ఎప్పుడు జరిగాయే?" అంది.

"సర్వీసులో ఉండగా అక్కా."

"అప్పుడు నేనెక్కడున్నాను?"

"ఇంట్లో."

"ఇలా మాట్లాడటం కూడా జీతంలోదేనా?"

"అవునక్కా, అదీ డ్యూటీయే."

మా అక్క కాఫీ పూర్తిగా తాగింది. బిల్లు కట్టి, నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది. "బుధవారం ఆ కుర్చీ ఖాళీగా ఉంటుందట. నేను కూర్చుంటాను. నాకు జీతం అక్కర్లేదు. ఆయన భార్యని. ఈ విషయం బయటికి పొక్కకూడదంటే నన్నూ లోపల కూర్చోబెట్టుకోవడం మంచిది," అంది. అంత నెమ్మదిగా బెదిరించడం నేనెక్కడా చూడలేదు. మేనేజరు పెన్ను టిక్కుమనడం ఆగిపోయింది.

ఏడింటికి సంగతి తెలిసి బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీ అక్క ఏమంది?" అన్నాడు.

"ఏమీ అనలేదు. బుధవారం వస్తుంది."

"వచ్చి?"

"కూర్చుంటుంది బావా. నువ్వు మాట్లాడాలి."

"ఏం మాట్లాడాలి?" అన్నాడు. నిజంగానే అడిగాడు. నాకు చెంప పగలగొట్టాలనిపించింది.

బుధవారం వచ్చింది. ఇద్దరూ నాలుగింటికి వచ్చి ఎదురెదురుగా కూర్చున్నారు. మా అక్క శాండ్‌విచ్ విప్పి లోపల ఏముందో చూసి మళ్ళీ మూసింది. బావ వీధికేసి చూశాడు. మా అక్క పంచదార డబ్బాకేసి చూసింది. నాలుగున్నర అయింది. ఐదయింది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. మెట్ల మీద ఒక జంట ఆగి, అద్దంలోంచి వీళ్ళని చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎదురు హోటలుకి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే ఇంకో కుటుంబం.

మేనేజరు నా పక్కకి వచ్చాడు. "ఏమ్మా, వీళ్ళు అచ్చం మొగుడూ పెళ్ళాల్లా ఉన్నారే!"

"మొగుడూ పెళ్ళాలే సార్."

"అదే నా బాధ. ఎవరు చూసినా ఇట్టే పోల్చుకుంటున్నారు. ఆరింటి దాకా చూస్తాను. ఇలాగే ఉంటే వచ్చే బుధవారం నుంచి ఆవిడ రానక్కర్లేదు. మీరే చెప్పండి, మీ అక్కగారు కదా."

నేను మా అక్కకి ఆ మాట ఎలా చెప్పను? ముప్పై నాలుగేళ్ళలో ఆమె ఒక్కటి అడిగింది, అదీ వారానికి మూడు గంటలు. నీళ్ళ జగ్గు తీసుకుని వెళ్ళి, గ్లాసు నింపుతూ, "ఆరింటిలోపు మాట్లాడకపోతే అక్క ఉద్యోగం ఊడుతుంది బావా," అన్నాను. మా అక్క వినాలనే గట్టిగా అన్నాను.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఒకసారి ఏమైందంటే, నిండు బస్సులో ఒకావిడకి నొప్పులొచ్చాయి..."

"విన్నాను," అంది మా అక్క.

"ఎక్కడ?"

"ఇక్కడే. స్తంభం వెనక."

బావ రెండు గుక్కల నీళ్ళు తాగాడు. "కళ్ళు లేని ముసలాయన ఒకాయన..."

"అదీ విన్నాను."

ఆయన దగ్గర ఇంకేమీ మిగల్లేదు. వేళ్ళతో బల్ల అంచు గీకాడు. గడియారం కేసి చూశాడు, చూడకూడదని నేర్పాను గానీ చూశాడు. చివరికి, "పోనీ నువ్వే ఏదైనా చెప్పు. డ్యూటీ కదా," అన్నాడు.

నేను పక్క బల్ల తుడుస్తూ అక్కడే ఉండిపోయాను. సిగ్గులేకుండా విన్నాను, ఎందుకు దాచుకోవాలి.

"పెళ్ళైన రెండో ఏడు," అంది మా అక్క. "మీరు పొద్దున్న చీకటితో పోయి, చీకటి పడ్డాక వచ్చేవారు. ఎలా ఉంటారో పగటిపూట చూద్దామనిపించి, ఒకరోజు మీ బస్సెక్కాను."

"నా బస్సా?"

"మీదే. ఆడవాళ్ళ సీట్లు నిండిపోయాయి, మధ్యలో నిలబడ్డాను. మీరు వచ్చారు. ఎక్కడికమ్మా అన్నారు. చివరి స్టాపు అన్నాను. టికెట్ చింపి చేతిలో పెట్టారు."

"నేనా?"

"మీరు చేతులే చూస్తారు. మనిషిని చూడరు. నాకు నవ్వొచ్చింది. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ అదే బస్సులో తిరుగు టికెట్ తీసుకున్నాను. అదీ మీరే ఇచ్చారు."

బావ వీధికేసి చూడటం మానేశాడు. "మరి నన్ను పిలవలేదా?"

"పిలిచాను. ఏమండీ అన్నాను. 'ముందుకు జరగండమ్మా' అన్నారు."

పిసరంత కోపం లేదు ఆ గొంతులో. దుకాణానికి వెళ్ళి ఏం తెచ్చిందో చెప్తున్నట్టు చెప్పింది. నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఈ సంగతి నాకూ తెలీదు. సొంత చెల్లెల్ని, ముప్పై రెండేళ్ళలో నాక్కూడా చెప్పలేదు.

"తర్వాత?" అన్నాడు బావ.

"తర్వాతేముంది? జరిగాను. దిగి ఇంటికొచ్చి వంట చేశాను. మీరొచ్చి తిన్నారు, పడుకున్నారు."

బావ ఆమెకేసి చూశాడు. ఏదో వెతుక్కుంటున్నట్టు, ఆ నిండు బస్సులో నిలబడ్డవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పక్కకి తప్పిస్తున్నట్టు కళ్ళు చిట్లించాడు. "ఆ రోజు ఏం కట్టుకున్నావు?" అని అడిగాడు.

"నీలం రంగుది," అంది మా అక్క. "మీరు కొన్నదే."

బావ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తెల్లచొక్కా భుజాలు కదలడం మొదలైంది. మా అక్క కంగారుపడి బల్ల మీదుగా ఆయన మోచెయ్యి పట్టుకుని, "అయ్యో, ఊరికే చెప్పానండీ, ఊరుకోండి," అంటోంది.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఏమ్మా, ఆయన ఏడుస్తున్నాడేమిటి? రోడ్డు మీదికి కనిపిస్తుంది!"

"కనిపించనివ్వండి సార్," అన్నాను.